పెన్సిలుతో రాసిన చిరునామా

ఛాతీ ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసే ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆవిడ రబ్బరమ్మే. కళ్లజోడుకి కట్టుకున్న తాడు చివర ఒక తెల్ల రబ్బరు ముక్క ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. తలవంచి రాసేటప్పుడు అది ఊగి ఊగి తడి ఆరని అక్షరాల మీద పడుతుంది. "పాడు రబ్బరు" అని విసుక్కుంటూ వెనక్కి తోసుకుంటుంది. తీసి సొరుగులో పడెయ్యరాదా అని ఎవరైనా అంటే మాత్రం, "నీ పని నువ్వు చూసుకో నాయనా" అని నోరు మూయిస్తుంది.

ఇరవై ఆరేళ్లుగా అదే కిటికీ. ఈ మధ్యలో కుర్చీలు మూడు విరిగాయి, పెద్ద డాక్టర్లు తొమ్మిదిమంది మారారు, ఆవిడ మాత్రం కదల్లేదు. కిటికీకి అవతల బెంచీల మీద దగ్గే జనం, ఇవతల గోడ నిండా రిజిస్టర్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమందిది క్షయ. ఆ జబ్బుకి ఆరు నెలలు ఒక్కరోజు తప్పకుండా మాత్రలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒంట్లో హాయిగా ఉంటుంది. చిక్కంతా అక్కడే. బాగానే ఉన్నాం కదా అని మానేస్తే జబ్బు తిరగబడుతుంది, ఈసారి పాత మందులకి లొంగదు. అందుకని నెల నెలా మందుల తేదీ గుర్తుచేస్తూ ఆసుపత్రి అందరికీ కార్డు పంపుతుంది. కార్డు వెళ్లాలంటే చిరునామా ఉండాలి కాబట్టి, చిరునామా లేనివాళ్లకి మందు ఇవ్వకూడదని నిబంధన. ఆ నిబంధన రాసిన మహానుభావుడికి సొంత ఇల్లు ఉండే ఉంటుంది.

పదకొండేళ్ల కిందట ఒక కూలీ వచ్చాడు.

"ఎక్కడుంటావు?" అని అడిగింది ఆవిడ.

"పైపులోనమ్మా."

"ఏ పైపులో?"

"రోడ్డు పనికని తెచ్చి పడేశారు కదమ్మా, ఎడమ పక్కనుంచి మూడోది."

ముందు ఆవిడకి నవ్వొచ్చింది. అతను గోడ పట్టుకుని దగ్గడం చూశాక నవ్వు పోయింది. నిబంధన ప్రకారం వెనక్కి పంపెయ్యాలి. కాసేపు అటూ ఇటూ చూసి, కలం తీసి, చిరునామా గడిలో తన ఇంటి నంబరూ తన వీధి పేరూ గుండ్రటి అక్షరాలతో రాసేసింది. పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో, ఆవగింజంత అక్షరాలతో, 'ఎడమ నుంచి మూడో పైపు' అని రాసుకుంది. కలం రాత ప్రభుత్వానిది, పెన్సిలు రాత నాది అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ పెన్సిలు రాతకో కారణం ఉంది. ఆవిడకి పద్దెనిమిదేళ్లప్పుడు తల్లి ఇదే ఆసుపత్రిలో పోయింది. అప్పుడెవరో రిజిస్టరులో ఇంటి నంబరు తప్పు రాశారు. కబురు ఎవరెవరి గుమ్మాలో తొక్కి మూడో రోజున ఇంటికి చేరింది. అప్పటికి జరగాల్సినవన్నీ ఆసుపత్రివాళ్లే జరిపించేశారు. ఆఖరి చూపు దక్కలేదు. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవడానికి మించిన అన్యాయం లేదని ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల మనసులో అప్పుడే నాటుకుపోయింది.

ఆవిడ భర్త పోస్ట్‌మన్. పైపు మనిషికి ఆసుపత్రి పంపిన మొదటి కార్డు ఆయన సంచిలోనే, ఆయన ఇంటి నంబరు మీదే వచ్చింది.

"ఏమే, మన ఇంట్లో ఇంకో మగమనిషి ఉంటున్నాడట, నాకు చెప్పనేలేదు?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన సైకిలు వెనక్కి తిప్పి, పైపులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, మూడోదాంట్లో కార్డు ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత అదొక అలవాటుగా స్థిరపడిపోయింది. ఇల్లు లేనివాళ్లు, జైలు నుంచి వచ్చినవాళ్లు, జబ్బు సంగతి తెలిస్తే ఇంటి యజమాని వెళ్లగొడతాడని భయపడేవాళ్లు, వీళ్లందరికీ కలంతో ఆవిడ ఇల్లు, పెన్సిలుతో అసలు చోటు. ఉద్యోగం అయిపోయాక కూడా ఆయన ఆ కార్డులు మోస్తూనే ఉన్నాడు.

నయమైన రోజున చేసే పని ఒకటుంది. డాక్టరు సంతకం పడగానే ఆవిడ రిజిస్టరు తిప్పి కిటికీలోంచి ముందుకు జరుపుతుంది. తాడు విప్పి రబ్బరు చేతికిచ్చి, "చెరిపెయ్యి" అంటుంది. మనిషి తన పెన్సిలు చిరునామాని తానే చెరుపుకుంటాడు. పైపు మనిషి కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా చెరిపాడు. అలా ఈ పదకొండేళ్లలో ముప్పై రెండుమంది చెరుపుకున్నారు. చనిపోయిన నలుగురివి ఆవిడే చెరిపింది. ఇక మిగిలింది ఒక్క ముప్పై ఏడో మనిషి.

ఆ మనిషి బట్టలు కుట్టే ఒక అమ్మాయి. నాలుగు నెలల కిందట ఎముకల గూడులా వచ్చి, చిరునామా అనగానే లేచి వెళ్లిపోబోయింది. ఆవిడ చెయ్యిపట్టి కూర్చోబెట్టి, బుజ్జగించి అడిగితే బయటపడింది. మొగుడు భద్రతా శాఖలో ఉద్యోగి. ఫోన్లు వినే విభాగం.

"నా ఫోనే కాదు పిన్నీ, నేను తలుపు తీసిన చప్పుడు కూడా లెక్కపెట్టేవాడు. రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ పట్టుకొచ్చాడు. రెండోసారి ఈ చెయ్యి విరిచాడు. మూడోసారి దొరికితే బతకనివ్వనని చెప్పాడు. చెప్పింది చేసే మనిషి" అంది, వంకరగా అతుక్కున్న మణికట్టు చూపిస్తూ.

పరిచయమైన పావుగంటలోనే పిన్నీ అని పిలిచింది. ఆవిడ రిజిస్టరు తెరిచింది. నూట పన్నెండో పేజీ, ఆరో వరుస. కలంతో తన ఇల్లు. మార్జిన్‌లో పెన్సిలుతో, 'బడి ఎదురుగా జిరాక్సు షాపు, పైన వెనక గది'.

ఇక రెండు నెలల మాత్రలే మిగిలాయి. మనిషి ఒళ్లు చేసింది, నవ్వడం మొదలుపెట్టింది. రబ్బరు ఎప్పుడిస్తావు పిన్నీ అని వచ్చినప్పుడల్లా అడిగేది.

ఇంతవరకూ బాగానే ఉంది. నెలన్నర కిందట ఒక రోజు ఆరోగ్య శాఖ నుంచి ముగ్గురు మనుషులు ఒక యంత్రం మోసుకొచ్చారు. రిజిస్టర్లకి చెదలు పడుతున్నాయని, ప్రతి పేజీకీ నకలు తీసి కంప్యూటర్లో భద్రం చేస్తారని చెప్పారు. ఆవిడ సంతోషించి వాళ్లకి టీ కూడా తెప్పించింది. ఈ సంవత్సరం రిజిస్టరు మాత్రం ఆ పూట డాక్టరు గదిలో ఉంది. అది చేతికి రాగానే ఆ ఒక్క పెన్సిలు ముక్క చెరిపి, వాళ్లు వెళ్లాక మళ్లీ రాసుకుందాం అనుకుంది. ఈలోగా కిటికీ దగ్గర ఒక ముసలాయన కళ్లు తిరిగి పడిపోయాడు. నీళ్లు, స్ట్రెచరు, హడావిడి. ఆవిడ తిరిగొచ్చేసరికి డాక్టరు గదిలోంచి వాళ్లే రిజిస్టరు తెచ్చుకుని, పని ముగించుకుని, మూట కట్టేస్తున్నారు. పోనీలే, పెన్సిలు రాత ఏం పడుతుందిలే అనుకుంది. చెదల కోసం తీసిన నకలే కదా అనుకుంది.

చెదల కోసం కాదని పదిహేను రోజుల కిందట తెలిసింది. బూట్లు టకటకలాడిస్తూ భద్రతా శాఖ అధికారి ఒకాయన రికార్డు గదిలోకి వచ్చాడు. వెనక పెద్ద డాక్టరు, చేతులు కట్టుకుని. ఆరోగ్య శాఖా భద్రతా శాఖా ఒక ఒప్పందం చేసుకున్నాయట. ప్రజల క్షేమం కోసం ఒకరి దగ్గరున్న వివరాలు ఒకరికి ఇచ్చుకుంటారట. ఆ ప్రజలని ఎవరైనా అడిగారా అంటే, అడగలేదు. వాళ్లు ఓట్లేసి పంపిన సభలో చర్చ జరిగిందా అంటే, అదీ లేదు. రెండు పేజీల ఉత్తరం మీద రెండు సంతకాలు, అంతే సంగతి.

"మీ ఇల్లు ఎన్ని గదులు?" అన్నాడు అధికారి.

"రెండు. వంటిల్లు కలిపితే రెండున్నర."

"అందులో ముప్పై ఏడుగురు ఎలా ఉంటున్నారు?"

"ఎక్కడ పడతారండీ? మేమిద్దరమే ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుంటాం."

ఆయన నవ్వలేదు. కంప్యూటరు పట్టుకున్న జాబితా బల్ల మీద పరిచాడు. ఒకే ఇంటి నంబరు, ముప్పై ఏడు పేర్లు. ఆవిడ నిబంధన చెప్పింది, పైపు చెప్పింది, కార్డుల సంగతి చెప్పింది. ఆయన అన్నీ విని ఒకటే పట్టుకున్నాడు.

"అంటే వాళ్ల అసలు చిరునామాలు మీకు తెలుసన్నమాట."

"తెలియదు" అంది. ఉద్యోగంలో చేరాక ఒక అధికారి ముఖం మీద ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. అయినా ఉండబట్టలేక అడిగింది. "మీ దగ్గర ఈ జాబితాయేనా, మా రిజిస్టరు పేజీలు కూడా ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి" అన్నాడాయన లేస్తూ.

ఆ ఒక్క మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. అన్నీ అంటే కలం రాత ఒక్కటేనా? మార్జిన్ కూడానా? ఆయన అటు వెళ్లగానే నూట పన్నెండో పేజీ తీసి, ఆ పెన్సిలు ముక్క తానే చెరిపేసింది. చెరిపి ఏం లాభం? అసలు తన చేతిలో ఉంది, నకలు ఎవరెవరి చేతుల్లో ఉందో.

వారం తిరగకుండా పత్రికలో పడింది, 'ఒకే ఇంట్లో ముప్పై ఏడుగురు' అని. ఒప్పందం వల్ల ఎంత మేలు జరిగిందో చూడండి, అనుమానాస్పదమైన స్థావరం దొరికింది అని భద్రతా శాఖ డప్పు కొట్టుకుంది. వీధిలోవాళ్లు కిటికీ తెరల సందుల్లోంచి చూడటం మొదలుపెట్టారు. ఎదురింటావిడ ఒకరోజు చక్కెర అప్పుకని వచ్చి, లోపలి గదిలోకి మెడ సాచి సాచి చూసి, చక్కెర మర్చిపోయి వెళ్లిపోయింది. రోగుల కాగితాలు పోలీసు పనికి ఎలా ఇచ్చారని కొందరు ప్రతినిధులు సభలో నిలదీశారు. భద్రతా శాఖ పనుల మీద కన్నేసి ఉంచడానికి ప్రజాప్రతినిధులు ఏడుగురితో ఒక సంఘం ఉంది. ఆ సంఘం విచారణ పెట్టింది. ఎనిమిది రోజుల్లో వచ్చి సాక్ష్యం చెప్పమని రబ్బరమ్మకి పిలుపు వచ్చింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం మధ్య పెద్ద గొడవే జరిగింది.

"ఆ అమ్మాయికి ఇప్పుడే చెప్పెయ్" అన్నాడాయన.

"చెప్తే ఏమవుతుందో తెలుసా? క్షణం ఆగదు, ఊరు దాటేస్తుంది. మందు మానేస్తుంది. రెండు నెలలండీ, రెండే నెలలు! ఇప్పుడు మానేస్తే జబ్బు తిరగబడి ఎక్కడో దిక్కులేకుండా పోతుంది."

"చెప్పకపోతే?"

"అసలు పెన్సిలు నకల్లో పడిందో లేదో ఎవరికి తెలుసు? పడకపోతే లేనిపోని భయం పెట్టి తరిమినట్టవుతుంది కదా. సంఘంవాళ్లు పిలిచారుగా. ఆ పేజీ చూపించమని అడుగుతాను. కళ్లారా చూశాక చెప్తాను."

ఆయన మెల్లగా అన్నాడు. "ముప్పై మూడేళ్లు ఉత్తరాలు పంచాను. చావు కబుర్లూ ఇచ్చాను. ఇది ఇస్తే ఏడుస్తారని ఒక్క ఉత్తరమూ జేబులో దాచుకోలేదు. ఉత్తరం ఎవరిదో వాళ్లది. దాచడానికి మనమెవరమే?"

"మీకు ఉత్తరాలు తెలుసు, నాకు జబ్బు తెలుసు" అని ఆవిడ విసురుగా లేచి వెళ్లిపోయింది.

అన్నదన్న మాటే గానీ, మర్నాటి నుంచి ముళ్ల మీద కూర్చున్నట్టే గడిచింది. అన్నం సయించలేదు. మూడో రోజున ఆవిడకి ఒక ఆలోచన తట్టింది. ఒక తెల్ల కాగితం మీద కలంతో నాలుగు ముక్కలు, పక్కన పెన్సిలుతో ఎప్పుడూ రాసేంత తేలికగా నాలుగు ముక్కలు రాసుకుని నకలు తీయించి చూద్దామని బయల్దేరింది. వెళ్లడం వెళ్లడం ఆ బడి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకే వెళ్లింది. ఊళ్లో ఇంకో షాపు లేదా అంటే, ఉన్నాయి. కాళ్లు అటే తీసుకెళ్లాయి.

మొదటి నకలు వచ్చింది. కలం రాత ఉంది, పెన్సిలు రాత లేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అంతలో షాపతను కాగితం ఎత్తి చూసి, "పక్కన ఇంకేదో ఉన్నట్టుంది కదమ్మా, లేతగా పడింది. కాస్త ముదురుగా పెట్టనా?" అని, అడక్కుండానే ఒక మీట నొక్కాడు. రెండో నకలులో పెన్సిలు రాత కూడా వచ్చింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

అంటే అంతా ఒక మీట మీద ఉంది. ఆ రోజు ఆ ముగ్గురిలో ఎవడు ఏ మీట నొక్కాడో దాని మీద ఒక ఆడపిల్ల ప్రాణం ఉంది. పైన వెనక గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. ఆవిడ మెట్ల దాకా వెళ్లింది. మొదటి మెట్టు మీద కాలు కూడా పెట్టింది. ఇంకో అయిదు రోజులే కదా, పేజీ చూసే చెబుదాం, ఈలోగా ఇంకో అయిదు రోజుల మాత్రలు కడుపులో పడతాయి అనుకుంది. కాలు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ కాలు వెనక్కి తీసుకోవడం మాత్రం తప్పే, నేను ఆవిడ పక్షమే అయినా ఆ మాట అనక తప్పదు.

విచారణ రోజు రానే వచ్చింది. పొడుగాటి బల్లకి అటు ఏడుగురు ప్రతినిధులు, ఇటు ఒంటరిగా ఆవిడ. పక్క బల్ల దగ్గర భద్రతా శాఖ పెద్దాయన, ఆయన వెనక ఫైళ్లు మోసే నలుగురు. సంఘానికి అధ్యక్షురాలు ఒకప్పటి బడిపంతులమ్మ. ఇప్పటికీ ఎవరైనా గుసగుసలాడితే బల్ల మీద పెన్నుతో కొడుతుంది.

ముప్పై ఏడుగురి సంగతి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది ఆవిడ. పైపు దగ్గర ఇద్దరు ప్రతినిధులు నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

"చెప్పడం కాదండీ, ఒకటి చూడాలి. మా రిజిస్టరు నూట పన్నెండో పేజీ నకలు ఒక్కసారి చూపించమనండి."

పెద్దాయన అడ్డంగా తలూపాడు. "కుదరదు. అది రహస్య పత్రం."

"ఆ పేజీ నేనే రాశానండీ!" అంది ఆవిడ. గొంతు కీచుగా వచ్చింది. "నా చేతిరాత నాకే రహస్యమా?"

"మీరు రాసినప్పుడు కాదు. మా దగ్గరికి వచ్చాక రహస్యం."

అధ్యక్షురాలు పెన్ను పక్కన పెట్టింది. "ఆవిడ సంగతి తర్వాత. మీ మీద కన్నేసి ఉంచమని జనం పంపిన ఈ సంఘానికైనా ఆ పేజీలు ఇచ్చారా? రెండు పేజీల సారాంశం ఇచ్చారు. అందులో సగం నల్ల గీతలు. ఏం పంచుకున్నారో మాకు తెలియకుండా మేం దేన్ని పరిశీలించాలి, ఆ గీతల్నా?"

గంటసేపు వాదన నడిచింది. దేశ భద్రత అన్నాడాయన, పది సార్లు. చివరికి చేతులెత్తారు. నలుగురు చూపించాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఒక్క చెయ్యి అటు మారి ఉంటే ఆ పేజీ ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

పేజీ వచ్చింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఆరో వరుస. మార్జిన్‌లో పెన్సిలు రాత, కలం రాత కన్నా స్పష్టంగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఎవరో దాని చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశారు. పేజీ అడుగున, ప్రతులు అందిన విభాగాలు అని అయిదు పేర్లు. మూడోది ఫోన్లు వినే విభాగం. తేదీ పదమూడు రోజుల కిందటిది.

ఆవిడ అరచెయ్యి ఆ పేజీ మీద బోర్లించింది.

"ఏముందమ్మా అక్కడ?" అంది అధ్యక్షురాలు.

"అడక్కండి. ఇక్కడ అన్న ప్రతి మాటా ఆ మూల కూర్చున్నాయన రాసుకుంటున్నారు. రాసింది ఎక్కడెక్కడికి పోతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు." కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది నా తప్పండీ. నేనిప్పుడే వెళ్లాలి. నన్ను పోనివ్వండి."

మూల కూర్చుని రాసుకుంటున్న మనిషి చెయ్యి ఆగింది. అధ్యక్షురాలు ఆవిడ ముఖం ఒక్క క్షణం చూసి, "వెళ్లండి. ఆ పక్కన ఏం రాసి ఉందో ఎవరూ బిగ్గరగా చదవొద్దు" అంది.

దారిలో ఆసుపత్రి దగ్గర దిగి, మందుల గది ఆయన్ని పట్టుకుంది. రెండు నెలల మాత్రలు ఒకేసారి కావాలంది. ఆయన అలవాటుగా పుస్తకం తెరిచి, పేరు చెప్పమన్నాడు.

"రాయకండి" అంది.

ఇరవై ఆరేళ్లలో రబ్బరమ్మ నోటివెంట ఆ మాట వినడం ఆయనకి అదే మొదటిసారి. పుస్తకం మూసి, పొట్లం కట్టి ఇచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి జిరాక్సు షాపు పక్క మెట్లెక్కింది. కుట్టుమిషను చప్పుడు వినపడగానే సగం ప్రాణం కుదుటపడింది. అమ్మాయి నోట్లో సూది పట్టుకుని, ఎవరిదో చొక్కాకి బొత్తాములు కుడుతోంది. ఆవిణ్ణి చూడగానే మొహం విప్పారింది.

"పిన్నీ! నువ్వేంటి ఇలా వచ్చావు? రా, కూర్చో. రబ్బరు తెచ్చావా?"

ఆవిడ నిలబడే చెప్పింది. నకలు, మార్జిన్, అయిదు విభాగాలు, తేదీ, అన్నీ. అమ్మాయి సూది తీసి దిండుకి గుచ్చింది. రంగు వెలిసిపోయినట్టయింది ముఖం.

"మొన్న ఎవరో కింద షాపతన్ని అడిగారట, పైన ఎవరుంటారని. గది కోసమేమో అనుకున్నాను" అంది. తర్వాత తలెత్తి, "నీకెప్పుడు తెలుసు?" అంది.

"పేజీ ఈ పూటే చూశానే."

"పేజీ కాదు. అనుమానం ఎప్పటి నుంచి?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "పదిహేను రోజుల నుంచి. మందు మానేస్తావని..."

అమ్మాయి మిషను మీద గుడ్డ కప్పింది. కుట్టిన చొక్కాలు మడతపెట్టి, ఎవరివి వాళ్లకివ్వమని కింద షాపులో అప్పగించి వచ్చింది. రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుంది. ఇదంతా పది నిమిషాల్లో అయిపోయింది. ఇలాంటి పని ఇంతకుముందు చేసి అలవాటున్న చేతులవి.

ఆవిడ పొట్లం చేతిలో పెట్టింది. "రోజూ పొద్దున్నే, పరగడుపున. ఒక్కరోజు కూడా మానకు తల్లీ. అయిపోయాక ఎక్కడైనా పరీక్ష చేయించుకో."

అమ్మాయి తలూపి పొట్లం సంచి అడుగున దాచుకుంది. మెట్ల దాకా వెళ్లింది.

"ఎక్కడికి వెళ్తున్నావో చెప్పు. కార్డు పంపను, ఏమీ పంపను. నాకు తెలిసుంటే చాలు" అంది ఆవిడ, వెనకే వెళ్తూ.

అమ్మాయి ఆగింది. కోపంగా లేదు, అదే ఆవిణ్ణి ఎక్కువ కోసింది.

"చెప్పను మేడమ్. మీరు రాసుకుంటారు."

మేడమ్ అంది. పిన్నీ అనలేదు. మెట్లు గబగబా దిగి, బడి వదిలిన పిల్లల గుంపులో కలిసిపోయింది. ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆవిడ కళ్లజోడు తాడుకి రబ్బరు అలాగే వేలాడుతోంది.

సంఘం నెల తిరక్కుండా ఆ ఒప్పందాన్ని ఆపించింది. ఇకమీద తమకి చూపించకుండా ఏ శాఖా ఏ శాఖకీ జనం వివరాలు ఇవ్వకూడదంది. పత్రికలు ఈసారి రబ్బరమ్మని మెచ్చుకున్నాయి. పెద్ద డాక్టరు కట్టుకున్న చేతులు విప్పి, చెయ్యి కలిపాడు. ఎదురింటావిడ మర్చిపోయిన చక్కెర కోసం మళ్లీ వచ్చింది. ఇచ్చేసిన ప్రతులు అయిదు విభాగాల నుంచీ వెనక్కి వచ్చాయా అని ఆవిడ అడిగింది. కనుక్కుని చెప్తామన్నారు. ఇల్లు లేనివాళ్లకి ఇప్పటికీ కలంతో తన ఇంటి నంబరే రాస్తోంది. ఎక్కడుంటావని మాత్రం అడగడం మానేసింది.

నెలాఖరున కార్డు వచ్చింది. అమ్మాయి పేరు, కింద మందుల తేదీ. ఆయన అలవాటు కొద్దీ జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాక ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఎక్కడికని వెళ్లనే?" అన్నాడు.

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, కార్డు బల్ల మీద పెట్టాడు. దాని మీద వాళ్ల ఇంటి నంబరే ఉంది.